చింతపండు పెట్టే పరీక్ష

మట్టి, రాయి, రాగి, ఇత్తడి, ఇనుము, అల్యూమినియం, స్టీలు, నాన్‌స్టిక్... తెలుగింటి పొయ్యెక్కిన ప్రతి పాత్రా పులుపు ముందు నిలబడి తీరాల్సిందే. ఏది నెగ్గింది, ఏది ఓడింది?

పండగ ముందురోజు అటక మీంచి ఇత్తడి బిందె దిగుతుంది. ఏడాదిపాటు గాలి తగిలి నల్లబడి ఉంటుంది. నానబెట్టిన చింతపండులో కాస్త ఉప్పు కలిపి రుద్దితే అయిదు నిమిషాల్లో బంగారంలా మెరుస్తుంది. మరి ఆ నలుపంతా ఎక్కడికి పోయింది? చింతపండు పిప్పిలోకి. లోహం మీద పేరుకున్న ఆక్సైడు పొరను చింతపండులోని టార్టారిక్ ఆమ్లం కరిగించి తనలో కలిపేసుకుంది. బిందె బయట జరిగితే దాన్ని తోమడం అంటాం. అదే పని గిన్నె లోపల, పొయ్యి మీద, పులుసు కుతకుతలాడుతుండగా జరిగితే?

తెలుగువాళ్ల వంటపాత్రల కథంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. చారు, ముక్కల పులుసు, దప్పళం, మామిడికాయ పప్పు, గోంగూర, చేపల పులుసు... పులుపు తగలని పూట మనకు అరుదు. కాబట్టి వంటింట్లోకి కొత్తగా వచ్చిన ఏ లోహమైనా ముందు చింతపండు చేతిలో పరీక్ష రాయాలి. వేడిని ఎలా పంచుతుంది, ఎంత బరువుంది, ఎంత ఖరీదు అన్నవి ఆ తర్వాతి సంగతులు. పాత ఇళ్లలో అన్నానికో గిన్నె, పప్పుకో గిన్నె, చారుకో గిన్నె ఉండేవంటే అదేమీ దర్జా కాదు. ఎవరి పని వాళ్లదన్న లెక్క. ఇవాళ అందరూ వెతుకుతున్నది మాత్రం ఒక్కటే జవాబు: ‘అన్నింట్లోకీ ఏది మంచిది?’ వాట్సాప్‌లో ఆ జవాబు వారానికొకటి మారుతుంటుంది.

వేడిని పంచడంలో రాగిని మించినది వంటింట్లో లేదు. స్టీలుతో పోలిస్తే సుమారు పాతిక రెట్లు త్వరగా వేడిని అటూ ఇటూ చేరవేస్తుంది. అడుగున ఒకచోట మాడి, పక్కన పచ్చిగా ఉండే బాధ దానితో తక్కువ. హైదరాబాద్ దావతుల్లో బిర్యానీకి రాగి డేగులు వాడింది ఊరికే కాదు. రాగికి తుత్తునాగం కలిపితే ఇత్తడి. వేడిని పంచడంలో అది రాగిలో మూడోవంతుకు కొంచెం తక్కువే అయినా స్టీలు కంటే ఎంతో నయం. అయితే రెండింటికీ శత్రువు ఒకటే. పులుపు తగిలి రాగి కరిగితే వంటకు చిలుము రుచి వస్తుంది, మోతాదు పెరిగితే వికారం, వాంతులు.

దీనికి పూర్వులు కనిపెట్టిన ఉపాయం కళాయి. ‘కళాయి పెడతాం... కళాయి’ అన్న కేక ఒకప్పుడు ప్రతి వీధికీ తెలుసు. వేపచెట్టు కింద చిన్న గుంట తవ్వి, బొగ్గులు పోసి, తిత్తితో గాలి కొట్టేవారు. ఇసుకతో రుద్ది కడిగిన గిన్నెను ఆ నిప్పుల మీద తిప్పుతూ, చాలినంత వేడెక్కగానే నవసాగరం పొడి చల్లేవారు. గుప్పున తెల్లటి పొగ, ముక్కుపుటాలు అదిరే ఘాటు. లోహం మీద మిగిలిన మసకను తీసేసేది ఆ పొడే. వెంటనే తగరం కడ్డీని గిన్నెకు ఆనిస్తే చిన్న చుక్క కరుగుతుంది. దూది ఉండతో ఆ చుక్కను చుట్టూ లాగితే, నల్లటి గిన్నె లోపలంతా వెండిరంగు పరుచుకుంటుంది. ఆపైన నీళ్లలో ముంచితే సుయ్‌మని శబ్దం. చూడ్డానికి వచ్చిన పిల్లలు ఆ శబ్దం కోసమే నిలబడేవారు.

తగరం 232 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. ఈ ఒక్క అంకె తెలిస్తే కళాయి గిన్నెతో ఏం చేయకూడదో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఖాళీగా మంట మీద ఉంచకూడదు, పోపు మాడ్చకూడదు, వేపుళ్ల జోలికి పోకూడదు. నీళ్లున్నంతసేపూ గిన్నె లోపలి వేడి నూరు డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది కాబట్టి అన్నం, పప్పు, పాయసాలకు ఢోకా లేదు. పీచుతో బరబరా తోమినా కళాయి అరిగిపోతుంది. ఎర్రటి లోహం మచ్చల్లా బయటపడితే మళ్లీ పూత వేయించే రోజు వచ్చిందని అర్థం.

ఇత్తడి ఇప్పుడు మళ్లీ ఫ్యాషన్. తణుకు దగ్గరి అజ్జరంలో, శ్రీకాకుళం జిల్లా బుడితిలో తరతరాలుగా ఇత్తడి, కంచు సామాను చేస్తున్నారు. బుడితి పనికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. పంజాబ్‌లోని జండియాలా గురులో ఠఠేరా పనివాళ్లు సుత్తితో కొట్టి చేసే రాగి, ఇత్తడి పాత్రల విద్యను యునెస్కో 2014లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ఆన్‌లైన్‌లో కొన్న ఇత్తడి కడాయి కళాయితోనే వస్తుంది, నిజమే. రెండేళ్ల తర్వాత అది అరిగినప్పుడు వేసేవాళ్లెవరని కొనే ముందు అడుగుతున్నవాళ్లు మాత్రం తక్కువ. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో చారు పెట్టడం కంటే పాత స్టీలు గిన్నెలో పెట్టుకోవడం ఎంతో మేలు.

చారు అంటే గుర్తొచ్చేది సత్తుగిన్నె. చాలా ఊళ్లలో ఇప్పుడు అల్యూమినియాన్నే సత్తు అనేస్తున్నారు గానీ, పాతకాలం చారుగిన్నె అచ్చంగా తగరంతో చేసింది. తమిళుల ఈయచెంబు దీని తోబుట్టువే. తగరం పులుపుకు పెద్దగా లొంగదు. పోపు విడిగా వేయించి చారులో కలపాలి తప్ప గిన్నెలో నూనె పోసి కాచారో, గిన్నె పొయ్యి మీదే ముద్దయిపోతుంది. కొనేటప్పుడు జాగ్రత్త పడాల్సింది ఇంకొకటుంది: తగరంలో సీసం కలిపి అమ్మే మోసం. నమ్మకమైన చోట తప్ప కొనకూడని వస్తువు ఇది.

లోహాలన్నిటికంటే ముందు పొయ్యెక్కింది మట్టి. చైనాలోని షియాన్‌రెన్‌డాంగ్ గుహలో దొరికిన కుండపెంకులు సుమారు 20 వేల ఏళ్లనాటివని 2012లో తేల్చారు. వాటి బయటివైపు మసి చారలున్నాయి. వ్యవసాయం పుట్టకముందే మనిషి కుండలో ఏదో ఉడికించుకున్నాడన్నమాట. కాలిన మట్టి పులుపుకు కరగదు, రంగు మారదు. అందుకే నెల్లూరు చేపల పులుసుకైనా, గోదావరి పులసకైనా మట్టి చట్టి అంటే అంత మోజు. అందులో గరిటె పెట్టరు. గుడ్డతో చట్టిని రెండు వైపులా పట్టుకుని మెల్లగా తిప్పుతారు, ముక్క చెదరకుండా. దించాక కూడా చట్టి అంచుల్లో పులుసు ఉడుకుతూనే ఉంటుంది, ఎందుకంటే మట్టి వేడిని తొందరగా తీసుకోదు, తొందరగా వదలదు.

ఈ నిదానం మీదే ఒక ఊరి పేరు నిలబడింది. కోనసీమ జిల్లా ఆత్రేయపురంలో పూతరేకులు తీసే చోట కుండను బోర్లించి, కింద ఎండు కొబ్బరాకుల మంట పెడతారు. పలచటి బియ్యప్పిండి నీళ్లలో గుడ్డ ముంచి కుండ వీపు మీద ఒక్కసారి లాగుతారు. చూపు తిప్పేలోగా కాగితం కంటే పలచని రేకు లేచి వస్తుంది. మంట కాస్త ఎక్కువైతే రేకు మాడుతుంది, తక్కువైతే అంటుకుపోతుంది. థర్మామీటరు లేదు, అరచేతి అంచనాయే. 2023లో ఈ రేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు మిఠాయికి దక్కింది గానీ సగం పనితనం ఆ కుండదే. ఇక తిరుమలలో, ఎన్ని బంగారు పాత్రలున్నా శ్రీవారికి రోజూ కొత్త మట్టి ఓడులోనే పెరుగన్నం నైవేద్యం పెడతారు.

మట్టికి లేని మహిమలు అంటగట్టేవాళ్లూ ఉన్నారు. మట్టిలోని క్షారగుణం ఆహారంలోని ఆమ్లాన్ని విరిచేస్తుందనీ, ఖనిజాలన్నీ అన్నంలోకి దిగుతాయనీ అమ్మకందారులు చెప్తుంటారు. ఆవంలో కాలిన మట్టి దాదాపు రాయితో సమానం. పులుసు దాన్ని కరిగించలేకపోవడమే దాని గొప్ప అయినప్పుడు, అందులోంచి ఖనిజాలు మాత్రం ఎలా దిగుతాయి? మెరుపు పూత ఉన్న కుండలతో ఇంకో చిక్కు. మెక్సికోలో సీసం కలిసిన మెరుపు పూత వేసిన మట్టిపాత్రల వల్ల పిల్లల రక్తంలోకి సీసం చేరడం దశాబ్దాలుగా నమోదవుతున్న విషయం. వంటకు గరుకు చట్టే క్షేమం. కొనగానే రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, నూనె రాసి, గంజి కాస్తే సన్నటి రంధ్రాలు పూడుకుంటాయి.

మట్టికి రాయి వరసకు అన్న. పలక మీద రాసే బలపం ఏ రాయిదో రాచ్చిప్పా ఆ జాతి మెత్తటి రాయిదే. పులుసు కాచడానికి, మిగిలిన పులుసు రేపటికి దాచడానికి పాత ఇళ్లలో దీన్ని మించింది లేదు. తెలియక సబ్బుతో కడిగితే ఆ వాసన పీల్చుకుని నాలుగు రోజులు వదలదు. ఒక్కసారిగా పెద్ద మంట పెడితే నిలువునా పగులుతుంది. కొత్త రాచ్చిప్పను నూనె, పసుపు రాసి, గంజి కాచి, వారం పదిరోజులు మెల్లగా అలవాటు చేయాలి. హైదరాబాదీ పత్తర్ కా గోష్త్ కూడా రాతి వంటే. అయితే అక్కడ గిన్నె లేదు, నిప్పుల మీద కాగిన నల్లరాతి పలక మీదే మాంసం కాలుతుంది. ఇక అరకు, మారేడుమిల్లి దారుల్లో దొరికే బొంగు చికెన్‌కు వెదురే గిన్నె. పచ్చి వెదురులోని తడి ఆరేలోగా లోపలి మాంసం ఉడికిపోతుంది. ఒక్క వంటతో పాత్ర ఆయుష్షు సరి, తోమే పని లేదు.

ఇనుము దగ్గరికొస్తే చింతపండు కథ అడ్డం తిరుగుతుంది. ఇనప మూకుడులో గోంగూర (తెలంగాణలో పుంటికూర) వండితే కూర నల్లగా మారి నాలుకకు తుప్పు రుచి తగులుతుంది. ఇనుము పులుపులోకి దిగిందన్నమాట. ఇక్కడ కరిగింది విషం కాదు, ఒంటికి కావాల్సిన పదార్థమే. 1986లో అమెరికాలో అచ్చుపోత ఇనుము పాత్రలో యాపిల్ సాస్ వండి చూశారు. నూరు గ్రాములకు 0.35 మిల్లీగ్రాములున్న ఇనుము 7.38కి పెరిగింది. పులుపూ తడీ ఎక్కువున్న వంటల్లోనే ఈ పెరుగుదల ఎక్కువ. ఇథియోపియాలో కొన్ని కుటుంబాలకు ఇనప కుండలు, కొన్నింటికి అల్యూమినియం కుండలు ఇచ్చి ఏడాదిపాటు గమనించిన అధ్యయనం 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఇనప కుండల్లో వండిన తిండి తిన్న పిల్లల్లో హిమోగ్లోబిన్ మెరుగ్గా పెరిగింది.

మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉందని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. మూకుడు మందుబిళ్లకు బదులు కాదు, ఆ మాట డాక్టర్లు గట్టిగానే చెప్తారు. అయినా అట్లపెనం, బూరెల మూకుడు, దిబ్బరొట్టె కాల్చే బాణలి అటక మీంచి దిగితే ఎవరికీ నష్టం లేదు. నలుపు ఇష్టం లేకపోతే పులుపు మాని వేపుళ్లు, అట్లు చేసుకోవచ్చు. వండింది మాత్రం వెంటనే వేరే గిన్నెలోకి తీసేయాలి. పెనానికి ‘పదును పట్టడం’ వెనక చిన్న రసాయన శాస్త్రమే ఉంది: పలుచగా రాసిన నూనె వేడికి గట్టిపడి, లోహానికి అంటుకుని నల్లటి నున్నటి పొరవుతుంది. అదే అట్టు అంటుకోకుండా కాపాడుతుంది. కొత్తగా పెళ్లయిన కోడలు ఆ నల్లదనాన్ని మురికి అనుకుని తోమేసి అత్తగారి చేత చీవాట్లు తిన్న ఉదంతాలు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి.

చరిత్రలో ఇనప కుండ చేసిన ఒక పెద్ద పని ఎక్కువమందికి తెలియదు. ఇంగ్లండులో అబ్రహాం డార్బీ 1707లో ఇసుక అచ్చుల్లో ఇనప వంటకుండలు పోసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. కుండలు చవగ్గా పోయాలంటే ఇనుము చవగ్గా కావాలి. కోల్‌బ్రూక్‌డేల్‌లో 1709లో కట్టెబొగ్గు బదులు కోక్‌తో ఇనుము కరిగించి చూపించాడు. పారిశ్రామిక విప్లవానికి పునాది వేసిన కొలిమిలో మొదట పోసుకున్న సరుకు, ఇల్లాళ్లు పులుసు కాచుకునే కుండ.

అల్యూమినియం ఒకప్పుడు రాజుగారి లోహం. 1884లో వాషింగ్టన్ స్మారక స్తంభం కొనకు పెట్టిన అల్యూమినియం శిఖరం అప్పట్లో ఓ అపురూప వస్తువు. రెండేళ్లు తిరిగేసరికి అమెరికాలో చార్లెస్ మార్టిన్ హాల్, ఫ్రాన్సులో పాల్ ఎరూ, ఒకరికొకరు తెలియకుండానే విద్యుత్తుతో అల్యూమినియం తీసే ఒకే పద్ధతి కనిపెట్టారు. ధర ఢామ్మని పడింది. 1898లోనే మద్రాసు ఆర్ట్స్ స్కూల్లో ఆల్ఫ్రెడ్ చాటర్‌టన్ అల్యూమినియం పాత్రల తయారీ మొదలుపెట్టాడు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కోస్తా, రాయలసీమ జిల్లాలకు ఈ తేలిక గిన్నె వింత కాకుండా పోవడానికి ఎంతో కాలం పట్టలేదు. తెలంగాణలో దీన్ని సిల్వర్ గిన్నె అంటారు. వేడిని పంచడంలో స్టీలుకు పదిహేను రెట్లు, బరువులో ఇత్తడికి మూడోవంతు, ధర అన్నిటికంటే తక్కువ. హోటళ్లకూ హాస్టళ్లకూ పెళ్లి వంటలకూ ఇంతకంటే ఏం కావాలి?

చింతపండుకు మాత్రం ఇది సులువుగా లొంగుతుంది. రాత్రి సాంబారు మిగిల్చిన గిన్నెలో పొద్దున చేత్తో తడిమితే సన్నటి గుంతలు తగులుతాయి. కరిగిన అల్యూమినియాన్ని ఆరోగ్యవంతుల మూత్రపిండాలు చాలావరకు బయటికి పంపేస్తాయి. అసలు భయం దాని చాటున వచ్చే సీసంతో. పాత ఇంజిన్ భాగాలు, తుక్కు కరిగించి పోసిన చవక గిన్నెల్లో ఏ లోహం ఎంత కలిసిందో పోసినవాడికే తెలియదు. అమెరికాలోని సియాటిల్ ప్రాంతంలో అఫ్గాన్ శరణార్థి పిల్లల రక్తంలో సీసం ఎందుకు ఎక్కువగా ఉందని ఆరోగ్యాధికారులు వెతుకుతూ పోతే, వాళ్లు వెంట తెచ్చుకున్న అల్యూమినియం కుక్కర్లూ ఇత్తడి గిన్నెలూ బయటపడ్డాయి. వాటిని ఆమ్ల ద్రావణంతో పరీక్షించిన ఫలితాలు 2022లో వచ్చాయి. పక్కనే పరీక్షించిన స్టీలు పాత్రల నుంచి దిగిన సీసం చాలా తక్కువ. 2025 ఆగస్టులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దిగుమతయ్యే అల్యూమినియం, ఇత్తడి, హిండాలియం అనే అల్యూమినియం మిశ్రలోహ పాత్రల్లో కొన్నింటిపై హెచ్చరిక జారీ చేసింది. డాలస్‌కో న్యూజెర్సీకో వెళ్లే సూట్‌కేసులో అమ్మ సర్దే కుక్కరు ఏ మార్కుదో ఓసారి తిప్పి చూడటం చాదస్తమేమీ కాదు.

మన ప్రభుత్వమూ 2024 మార్చిలో స్టీలు, అల్యూమినియం వంటపాత్రలకు ఐఎస్‌ఐ ముద్ర తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. నల్లటి హార్డ్ అనొడైజ్డ్ కడాయిల కథ వేరు. వాటి మీద విద్యుత్తుతో మందంగా పెంచిన ఆక్సైడు పొర ఉంటుంది. ఆ పొర గీతలు పడకుండా ఉన్నంతకాలం పులుపు లోపలికి దిగలేదు.

స్టీలు పుట్టుకలోనే పులుపు ఉంది. 1913లో షెఫీల్డులో హ్యారీ బ్రేర్లీ తుపాకీ గొట్టాలు త్వరగా అరగకుండా ఉండే ఉక్కు కోసం వెతుకుతున్నాడు. సుమారు 13 శాతం క్రోమియం కలిపిన ముక్క ఒకటి ఆమ్లాలకు లొంగలేదు. వినిగర్‌తో, నిమ్మరసంతో పరీక్షించినా చెక్కుచెదరలేదు. తుపాకుల సంగతి అటుంచి, ఇది కత్తులకూ చెంచాలకూ పనికొస్తుందని అతనికి తట్టింది. క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కంటికి కనపడని పొర కడుతుంది, గీత పడినా తనంతట తానే మళ్లీ కట్టుకుంటుంది. ఎవరూ వేయనక్కర్లేని కళాయి.

తెలుగిళ్లలోకి స్టీలు వచ్చిన తీరు మరీ ముచ్చటైనది. పాత చీరలూ ప్యాంట్లూ తూచి స్టీలు గిన్నె ఇచ్చే బేరాలు గంటల తరబడి గుమ్మాల్లో సాగేవి. అదే వేడిలో ఇత్తడి బిందెలు తుక్కు ధరకు వెళ్లిపోయాయి. కొత్త గిన్నె మీద చుక్కచుక్కగా చెక్కించిన పేరు, తేదీ, ‘శుభకార్య సందర్భముగా’ అన్న మాట ఇప్పటికీ అంట్లు తోమేటప్పుడు ఏ పెళ్లిదో గుర్తుచేస్తుంటాయి.

స్టీలుకున్న లోపం వేడి దగ్గరే. మంట తగిలిన చోట మాడ్చి, పక్కకు వేడి పంపదు. పాలు, ఉప్మా అడుగంటే ఇళ్లన్నిటికీ ఇది తెలుసు. అడుగున రాగి పూసినా, రెండు స్టీలు రేకుల మధ్య అల్యూమినియం ఇరికించిన ట్రైప్లై చేసినా ఆ లోపం సరిదిద్దడానికే. చన్నీళ్లలో ఉప్పు వేసి వదిలేస్తే అడుగున చిన్న చిన్న మచ్చలు పడతాయి, నీళ్లు మరిగాక వేస్తే ఆ బెడద ఉండదు. అయస్కాంతం అంటుకుంటే నకిలీ అన్న వీధి పరీక్ష తప్పు. మేలైన 304 రకం (18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్) అయస్కాంతానికి దాదాపు అంటుకోదు. నికెల్ తగ్గించి మాంగనీస్ కలిపిన చవక 200 శ్రేణీ అంటుకోదు. నికెల్ లేని 430 రకం అంటుకుంటుంది, కానీ అది కల్తీ కాదు. చూడాల్సింది గిన్నె అడుగున కొట్టిన ముద్ర.

నాన్‌స్టిక్ మాటెత్తితే ఇళ్లలో వాదనలే. పులుపు పరీక్షలో దీనికి నూటికి నూరు. 1938 ఏప్రిల్ 6న న్యూజెర్సీలో రాయ్ ప్లంకెట్ శీతలీకరణ వాయువుల మీద పని చేస్తుంటే, సిలిండర్‌లో గ్యాస్ బదులు తెల్లటి జిగురులేని పొడి మిగిలింది. దేనికీ అంటని, దేనికీ కరగని పదార్థం. ఫ్రాన్సులో మార్క్ గ్రెగ్వార్ దాన్ని చేపల గాలానికి పూస్తుంటే, మూకుళ్లకు పూయమని భార్య కొలెట్ సలహా ఇచ్చిందట. 1956లో టెఫాల్ కంపెనీ పుట్టింది.

దీని బలహీనత మంట దగ్గర. 260 డిగ్రీలు దాటితే పూత చెడటం మొదలవుతుంది. ఇంకా కాగితే వచ్చే పొగ మనిషికి జ్వరం తెప్పిస్తుంది, పంజరంలోని చిలకను చంపేస్తుంది. పూత తయారీలో వాడిన పీఎఫ్‌ఓఏ అనే రసాయనం అమెరికాలోని పార్కర్స్‌బర్గ్ పరిసరాల తాగునీటిలో కలిసింది. దాని మీద రాబర్ట్ బిలాట్ అనే న్యాయవాది చేసిన పోరాటం ప్రపంచానికి తెలిసింది. 2015 నాటికి పెద్ద కంపెనీలు దాన్ని మానేశాయి. 2023లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మనుషులకు క్యాన్సర్ తెచ్చే రసాయనాల మొదటి జాబితాలో చేర్చింది. ఇప్పుడు పాన్ కొని తక్కువ మంటలో ఆమ్లెట్ వేసుకునేవారికి ముప్పు తక్కువే. ఖాళీ పాన్‌ను పెద్ద మంట మీద పెట్టి ఫోన్ మాట్లాడేవాళ్లకూ, పూత లేచిన దాన్నే ఏళ్ల తరబడి వాడేవాళ్లకూ ఆ హామీ లేదు.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు వంటపాత్రలనూ వదల్లేదు. పచ్చళ్లు, సాంబారు వంటి పుల్లటివి అల్యూమినియం, ఇనుము, కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రల్లో నిల్వ ఉంచవద్దని చెప్పింది. మట్టి పాత్రకు, స్టీలుకు మంచి మార్కులేసింది. పాత ఇళ్లలో ఆవకాయకు జాడీ, పులుసుకు రాచ్చిప్ప వాడినవాళ్లు ఈ మాట విని ఆశ్చర్యపోరు.

ఈమధ్య వంటింటి గట్టు మీదికి ఇండక్షన్ పొయ్యి వచ్చి లెక్కలు మళ్లీ తారుమారు చేసింది. గిన్నె అయస్కాంతానికి అంటుకుంటేనే అది వేడెక్కిస్తుంది. మామూలు అల్యూమినియం కుక్కరు, రాగి తపేలా, రాచ్చిప్ప, మట్టి చట్టి దాని మీద పెట్టినా చల్లగానే ఉంటాయి. మేలురకం 304 గిన్నె కూడా అడుగున 430 రేకు లేకపోతే పనిచేయదు. కంపెనీలు ఇప్పుడు కుక్కరు అడుగున అయస్కాంతానికి అంటుకునే స్టీలు బిళ్ల అతికించి ఎక్కువ ధరకు అమ్ముతున్నాయి. ఏ బిళ్లా అక్కర్లేకుండా వెంటనే వేడెక్కేది అడుగు చదునుగా ఉన్న పాత ఇనప పెనమే. గుండ్రటి అడుగున్న మూకుడికి మాత్రం ఇంకా గ్యాసు పొయ్యే గతి.